బిడ్డ బరువుకు బీజం ఎక్కడ?

పసిబిడ్డ బొద్దుగా ఉంటే చూసేవారికి ముద్దు, కన్నవారికి మురిపెం. దిష్టి తగులుతుందని బుగ్గన చుక్క పెట్టడం మన ఇళ్ళలో తరతరాల ఆచారం. రెండు పూటలా తిండి దొరకడమే గగనమైన రోజుల్లో బొద్దుదనం ఆరోగ్యానికి, కలిమికి గుర్తుగా నిలిచింది. నేటి స్థితి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో అయిదు నుంచి పందొమ్మిదేళ్ళ వయసున్న వారిలో అధిక బరువుగల వారు ప్రపంచమంతటా 39 కోట్లు. అందులో 16 కోట్ల మంది స్థూలకాయులు. మన దేశంలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువుగల వారు 3.4 శాతం. అంతకు ముందటి 2015-16 సర్వేలో అది 2.1 శాతమే. అయితే అదే వయసు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగిన ఎత్తు ఎదగనివారు. కొరతా, అధికమూ ఒకే దేశంలో, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంట్లో, కలిసి కాపురం చేస్తున్నాయి.

దీనికి మనం సాధారణంగా చెప్పుకునే కారణాలు రెండు. ఒకటి, పిల్లవాడు తిండిపోతు, ఒళ్ళు వంచడు. రెండు, వంశమే అంత. మొదటి దానిలో నిజం లేకపోలేదు. రెండవదానిలోనూ కొంత నిజం ఉన్నది. కాని వంశపారంపర్యంగా వచ్చే జన్యువులు ఒక్క తరంలో మారిపోవు. పెరిగినది పిల్లల బరువు మాత్రమే. మరి ఒకే తిండి తిని, ఒకే మైదానంలో ఆడే ఇద్దరు పిల్లల్లో ఒకరే ఎందుకు లావెక్కుతున్నారు? ఈ ప్రశ్నకు జవాబులో కొంత భాగం, బిడ్డ పుట్టకముందే గడిచిన కాలంలో ఉన్నదని చెబుతున్న శాస్త్రమే ఎపిజెనెటిక్స్. ఈ పేరును 1942లో బ్రిటిష్ శాస్త్రవేత్త కాన్రాడ్ వాడింగ్టన్ వాడుకలోకి తెచ్చారు.

డ్రాయింగు ఒకటే, నిర్మాణం వేరు

మేము వైద్యులము కాము. యంత్రాలతో జీవితం గడిపినవారము. కనుక మా వృత్తిలోని పోలికనే చెబుతాము. ఒక ప్రాజెక్టు సైటుకు వేల కొలది డ్రాయింగులు వస్తాయి. అన్నింటిపైనా ఒకేసారి పని జరగదు. ఏ డ్రాయింగుపై నిర్మాణానికి ఆమోదం అన్న ముద్ర పడుతుందో, అదే ఫీల్డుకు వెళుతుంది. ఆపివేయమన్న ముద్ర పడినది బీరువాలో ఉండిపోతుంది. ముద్ర వేసినందువల్ల డ్రాయింగులోని ఒక్క గీత కూడా మారదు. మారేది అమలు మాత్రమే.

మన శరీరంలోనూ దాదాపు ఇదే ఏర్పాటు. కాలేయ కణానికి, కండర కణానికి, కొవ్వు కణానికి అందిన జన్యువులు అవే, సుమారు ఇరవై వేలు. ఏ కణంలో ఏ జన్యువు పనిచేయాలో నిర్ణయించడంలో రసాయనిక ముద్రలకు పెద్ద పాత్ర ఉన్నది. వాటిలో ముఖ్యమైనది మిథైల్ సమూహం: ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువుల చిన్న ముక్క. అది డీఎన్ఏలోని సైటొసిన్‌కు అంటుకుంటే సాధారణంగా ఆ జన్యువు అణగి ఉంటుంది. అలాగే ఒక్కొక్క కణంలో దాదాపు రెండు మీటర్ల పొడవున్న డీఎన్ఏ, హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. చుట్టు వదులైతే జన్యువు పనిచేస్తుంది, బిగిస్తే నిద్రిస్తుంది.

ఈ మిథైల్ సమూహాల సరఫరాకు ఫోలేట్, బి12 విటమిను, కోలిన్ వంటి పోషకాలు అవసరం. అవి వచ్చేది ఆహారం నుంచే. అంటే తల్లి కంచంలోని పదార్థానికీ, గర్భస్థ శిశువు జన్యువులపై పడే ముద్రకూ సంబంధం ఉండే అవకాశం ఉన్నది.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు వాటర్లాండ్, జర్టిల్ 2003లో ప్రకటించిన ఎలుకల ప్రయోగం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. అగౌటి అనే జన్యువు అదుపు తప్పిన ఎలుకల బొచ్చు పసుపు రంగులో ఉంటుంది. అవి స్థూలకాయం పాలవుతాయి. తల్లి ఎలుకలకు గర్భధారణకు ముందు నుంచీ ఫోలిక్ ఆమ్లం, బి12, కోలిన్, బీటైన్ కలిపిన మేత పెట్టగా, గోధుమ రంగు పిల్లలు ఎక్కువగా పుట్టాయి. పిల్లల జన్యువులో అక్షరం మారలేదు. దానిపై ముద్ర మారింది.

డచ్ కరవు చెప్పిన పాఠం

మనుషులపై ఇటువంటి ప్రయోగం ఎవరూ చేయరాదు. కాని యుద్ధం ఆ క్రూరమైన పనిని చేసిపెట్టింది. రెండవ ప్రపంచ యుద్ధం చివర, 1944-45 శీతకాలంలో, జర్మన్ ఆక్రమణలో ఉన్న పశ్చిమ నెదర్లాండ్స్‌కు ఆహార సరఫరా తెగిపోయింది. రోజువారీ రేషను వెయ్యి కేలరీల కన్నా దిగువకు పడిపోయింది. 1945 మే నెలలో విముక్తి లభించగానే తిండి మళ్ళీ వచ్చింది. కరవుకు ఆది, అంతం స్పష్టంగా తెలిసినందున, ఏ బిడ్డ గర్భంలో ఏ దశలో ఆకలికి గురయిందో లెక్క కట్టడం సాధ్యమైంది.

ఆ బిడ్డల్లో మగవారు పందొమ్మిదేళ్ళకు సైనిక పరీక్షకు వచ్చారు. మూడు లక్షల మంది యువకుల వివరాలతో 1976లో వెలువడిన అధ్యయనం ప్రకారం, గర్భధారణ తొలి సగంలో కరవుకు గురైనవారిలో స్థూలకాయం ఎక్కువ. చివరి నెలల్లోను, పుట్టిన తొలి నెలల్లోను గురైనవారిలో తక్కువ. ఆకలి ఒకటే, కాలం వేరు, ఫలితం వేరు. 2008లో మరొక పరిశోధన, గర్భధారణ సమయంలో కరవు సోకినవారి రక్తాన్ని వారి తోబుట్టువుల రక్తంతో పోల్చింది. ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 అనే జన్యువుపై మిథైల్ ముద్రలు వారిలో తక్కువగా కనిపించాయి. ఆకలి తీరిన అరవై ఏళ్ళ తరువాత కూడా దాని ఆనవాలు మిగిలి ఉన్నదన్నమాట.

ప్లాంటును కమిషన్ చేసేటప్పుడు సరఫరా ఇంత ఉంటుందని ఊహించి రిలేలు సెట్ చేస్తాము. తరువాత సరఫరా మారితే ఆ సెట్టింగే ఇబ్బంది పెడుతుంది. గర్భంలో కొరతకు సిద్ధపడిన శరీరం, పుట్టాక సమృద్ధిలో పడితే జరిగేది ఇంచుమించు ఇదేనని పలువురు శాస్త్రవేత్తల ఊహ.

పూణే పల్లెలు, హైదరాబాదు పల్లెలు

మన దేశపు సాక్ష్యం ఇంకా ఆలోచింపజేసేది. పూణే కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1993లో ఆ నగరం చేరువనున్న ఆరు గ్రామాల్లో తల్లీబిడ్డల అధ్యయనం ప్రారంభించింది. అక్కడి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లాండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ తక్కువ, కాని చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా కనిపిస్తూనే కొవ్వు దాచుకున్న బిడ్డలన్నమాట.

ఆ తల్లుల్లో మూడింట రెండు వంతుల మందికి బి12 కొరత ఉన్నది. ఫోలేట్ మాత్రం చాలామందికి సమృద్ధిగా ఉన్నది. పిల్లలకు ఆరేళ్ళు వచ్చాక పరీక్షిస్తే, ఫోలేట్ ఎక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో కొవ్వు ఎక్కువ. ఫోలేట్ ఎక్కువై బి12 తక్కువైన తల్లుల పిల్లల్లో ఇన్సులిన్ నిరోధకత అందరికన్నా ఎక్కువ. దీన్ని చూసి ఫోలిక్ ఆమ్లం మాత్రలు మానరాదు. బిడ్డ వెన్నుపాము లోపాలను నివారించేవి అవే. గ్రహించవలసినది సమతూకం.

హైదరాబాదు చేరువ గ్రామాల కథ ఆశ కలిగిస్తుంది. 1987-90 మధ్య 15 గ్రామాల్లో గర్భిణులకు, పసిపిల్లలకు అనుబంధ పోషకాహారం అందింది. మరో 14 గ్రామాలకు ఆనాటికి అది చేరలేదు. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక పోల్చిచూస్తే, ఆహారం అందిన గ్రామాల వారు 14 మిల్లీమీటర్లు ఎత్తు పెరిగారు. ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువ. శరీరంలో కొవ్వు మాత్రం పెరగలేదు. గర్భిణికి పెట్టిన పిడికెడు తిండి ఎక్కడికీ పోలేదు.

అతిశయోక్తి తగదు

ఇంతమాత్రాన అంతా తల్లి గర్భంలోనే రాసిపెట్టి ఉన్నదనుకోవడం పొరపాటు. డచ్ కరవులో గొలుసు రెండు కొసలు కనిపించాయి గాని, ఫలానా ముద్ర వల్లనే ఫలానా బరువు వచ్చిందని నడుమ లంకెలన్నీ కలిపి చూపలేదు. పైగా పదివేల మంది పెద్దల రక్త నమూనాలతో 2017లో వెలువడిన పరిశోధన, బరువుతో ముడిపడిన మిథైల్ మార్పులు అధిక భాగం లావెక్కినందువల్ల వచ్చినవే గాని, లావెక్కించినవి కావని తేల్చింది. కనుక జన్యువుల ముద్రలు సరిచేస్తామని చెప్పి అమ్మజూపే మాత్రలను నమ్మి డబ్బు పోగొట్టుకోనవసరం లేదు.

మన కర్తవ్యం

ఈ శాస్త్రం నేర్పేది నింద కాదు, బాధ్యత. లావుగా ఉన్న పిల్లవాణ్ణి తిండిపోతు అనడం, తల్లి గారాబమని దెప్పడం మన కాలనీల్లో మామూలు. బిడ్డ కళ్ళు తెరవకముందే కొన్ని సెట్టింగులు పడిపోయాయేమో! ఆ తల్లి కంచంలో ఏం పడిందో నిర్ణయించినది ఆమె ఒక్కతేనా?

గర్భంలో 270 రోజులు, పుట్టాక రెండేళ్ళ 730 రోజులు, వెరసి వెయ్యి రోజులు. ఈ కాలం కోసం చేయదగినవి ఖరీదైనవి కావు. ఆడపిల్లకు కౌమారం నుంచే పప్పు, ఆకుకూర, పాలు, పెరుగు కొరత లేకుండా పెట్టాలి. బి12 మొక్కల ఆహారంలో లభించదు కనుక, గుడ్డు, చేప, మాంసం ముట్టని ఇళ్ళలో పాలు పెరుగుల విషయంలో మరింత శ్రద్ధ వహించి, అవసరమైతే వైద్యుణ్ణి అడగాలి. కాన్పు సులువవుతుందని గర్భిణికి తిండి తగ్గించడం, పురిటి పథ్యం పేరిట కూరలు మాన్పించడం విడనాడాలి. గర్భిణికి చక్కెర పరీక్ష తప్పక చేయించాలి. ఆరు నెలలు తల్లిపాలే పట్టాలి. చిన్నగా పుట్టిన బిడ్డ ఎత్తు పెరగాలి గాని, తొందరపడి కొవ్వు పెంచరాదు.

2017 చట్ట సవరణ ప్రసూతి సెలవును ఇరవై ఆరు వారాలకు పెంచింది. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నది. వీటిని కాగితంపై నిబంధనలుగా గాక, రేపటి తరానికి పెట్టే పెట్టుబడిగా చూడవలసినది మన వంటి సంస్థలే. యంత్రం చెడిన తరువాత మరమ్మతు చేయడం కన్నా, కమిషనింగు నాడే జాగ్రత్తపడడం మేలని మనకు వేరే చెప్పనక్కరలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. ఆ మొక్కకు నీరు పోయవలసినది మాత్రం అది మొలకెత్తక ముందే.