పక్క సీట్లో బగ్గు!

శుక్రవారం సాయంత్రం ఆరు గంటలు. క్యాబ్ కింద ఎదురుచూస్తోంది. ‘చిన్న మార్పే, పెట్టేశా’ అంటాడు పక్క సీటు మిత్రుడు. అంతే... అప్పటిదాకా చక్కగా నడిచిన ప్రోగ్రామ్ కుప్పకూలుతుంది. తప్పు ఒకరిది, నైటవుట్ టీమ్ మొత్తానిది! మాదాపూర్‌లోనైనా, బెంగళూరులోనైనా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఈ బాధ కొత్తేం కాదు. మరి, పనిరాని సహోద్యోగితో వేగేదెలా?

తెలియదని తెలియక...

ముందు అతనికి నిజంగా పని రాదా, రాని పని అప్పగించారా అన్నది చూడాలి. మెకానికల్, సివిల్ చదివినవారినీ తీసుకుని కొద్ది నెలల శిక్షణతో ప్రాజెక్టుల్లోకి పంపడం మన కంపెనీల్లో మామూలే. జావా నేర్చుకున్నవారు మెయిన్‌ఫ్రేమ్ ముందు కూర్చుంటే తడబడక ఏం చేస్తారు?

ఇంకో రకం ఉంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా సర్వర్ మీదికి నెట్టేస్తారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డన్నింగ్, క్రూగర్ 1999లో ఇలాంటివారి గుట్టు విప్పారు. పరీక్షల్లో సగటున 12వ పర్సంటైల్‌లో ఉన్నవారు తాము 62లో ఉన్నామనుకున్నారట! అయితే తర్కంలో కాస్త శిక్షణ ఇచ్చాక, తమ స్థాయి ఏమిటో వారే మెరుగ్గా అంచనా వేసుకోగలిగారు. అంటే, ఎగతాళి కన్నా నేర్పడమే మేలన్నమాట.

గుట్టుగా దిద్దొద్దు

‘చెప్పేకన్నా చేసేయడమే సులువు’ అని రాత్రికిరాత్రి అతని కోడ్ తిరగరాసేవాళ్లుంటారు. దాంతో అతను నేర్చుకోడు, మేనేజర్‌కి విషయం తెలియదు, మీకు మాత్రం ఆదివారం ఉండదు.

దానికన్నా ఒకరు రాసిన కోడ్‌ని మరొకరు చూడటం నియమంగా పెట్టుకోవాలి. ఐబీఎంలో మైఖేల్ ఫాగన్ 1976లోనే ఈ తనిఖీకి ఒక పద్ధతి ఏర్పరచారు. అది లేకపోతే ఏమవుతుందో 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల సంస్థకు తెలిసొచ్చింది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ ఎక్కించడం టెక్నీషియన్ మరిచిపోయాడు. సుమారు 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా ఆవిరి! ఆ పనిని రెండో మనిషి సరిచూడాలన్న నియమమే అక్కడ లేదని విచారణలో తేలింది. మరిచిపోయింది ఒక్కడే. పట్టుకునేవారు లేకపోవడం సంస్థ లోపం.

మాట జాగ్రత్త

‘నీకేం రాదు’ అంటే గొడవ. ‘ఈ ఫంక్షన్‌కి ఖాళీ విలువ వస్తే ఆగిపోతోంది, చూద్దామా?’ అంటే పని. నలుగురిలో కాకుండా విడిగా చెప్పాలి. చెప్పినా మారకపోతే మేనేజర్‌ని కలవాలి. ఫిర్యాదుగా కాదు, లెక్కగా. ఏ తేదీన ఏం ఆగింది, సరిచేయడానికి ఎన్ని గంటలు పట్టింది... ఇవి రాసిపెట్టుకుంటే చాలు.

అలాగని రిలీజ్ ముందు అతన్ని తీసేసి కొత్తవారిని తెమ్మని పట్టుబట్టొద్దు. ఆలస్యమైన ప్రాజెక్టులోకి మనుషుల్ని చేరిస్తే మరింత ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే హెచ్చరించారు. ఎందుకంటే కొత్తవారికి అన్నీ నేర్పాల్సింది పని తెలిసిన ఆ నలుగురే. అప్పుడు వాళ్ల పనీ ఆగుతుంది!

రిలీజ్ అయ్యాక మాత్రం నాన్చొద్దు. అతనికి టెస్టింగో, డాక్యుమెంటేషనో నప్పుతుందేమో మేనేజర్‌తో మాట్లాడండి. సరైన కుర్చీ దొరికితే రాణించేవాళ్లూ ఉంటారు. ఈలోగా ఒక్క నియమం ఖాయం చేసుకోండి: శుక్రవారం సాయంత్రం ఎవరూ ‘చిన్న మార్పు’ పెట్టకూడదు... మీతో సహా!