మూడో నంబరు చొక్కా: రగ్బీలో ముందువరుస ఆటగాడు తయారయ్యే తీరు

2012 మార్చి 17, సెయింట్ ప్యాట్రిక్ పండగ రోజు. లండన్‌లోని ట్వికెన్‌హామ్ మైదానంలో ఇంగ్లండ్, ఐర్లండ్ జట్ల మధ్య సిక్స్ నేషన్స్ ఆట జరుగుతోంది. ఐర్లండ్ తరఫున మూడో నంబరు చొక్కా వేసుకున్న మైక్ రాస్ మొదటి అర్ధభాగం పూర్తికాకుండానే మెడ గాయంతో బయటికి వెళ్ళిపోయాడు. అతని బదులు దిగినవాడు టామ్ కోర్ట్. బలవంతుడు, అనుభవజ్ఞుడు, కానీ అలవాటుగా ఆడేది ఒకటో నంబరు స్థానంలో. ఆ తరువాత స్క్రమ్ ఏర్పడిన ప్రతిసారీ ఐర్లండ్ వరుస వెనక్కి జరిగింది, మెలికపడింది, కూలింది. రిఫరీ పెనాల్టీల మీద పెనాల్టీలు ఇచ్చి, చివరకు పెనాల్టీ ట్రై కూడా ఇచ్చాడు. ఇంగ్లండ్ 30-9తో గెలిచింది.

పదిహేనుమంది ఆడే ఆటలో ఒక్క మనిషి మారితే జట్టు మొత్తం ఎందుకు కూలిపోవాలి? ఒకటో నంబరుకూ మూడో నంబరుకూ అంత తేడా ఏముంది? ఒక దేశంలో ఆ స్థానానికి రెండో మనిషి లేకపోవడం ఎలా జరిగింది? ఈ ప్రశ్నలకు జవాబులు ఆ రోజు ఆటలో దొరకవు. అంతకు పదేళ్ళ ముందు నుంచీ వెతకాలి.

బ్రిటన్‌లోనో, ఐర్లండ్‌లోనో, దక్షిణాఫ్రికాలోనో స్థిరపడిన తెలుగువారికి స్క్రమ్ టీవీలో తరచు కనిపించే దృశ్యమే. బంతి చేజారి ముందుకు పడడం వంటి చిన్న తప్పుల తరువాత ఆటను తిరిగి మొదలుపెట్టే పద్ధతి అది. రెండువైపులా ఎనిమిదిమంది చొప్పున మూడు వరుసలుగా పెనవేసుకుని, తలలు వంచి ఎదుటివారిని నెడతారు. అంతర్జాతీయ స్థాయిలో ఒక్కో పక్షం బరువు తొమ్మిది వందల కిలోలకు అటూఇటూగా ఉంటుంది. ముందువరుసలో ముగ్గురు: ఎడమవైపు లూస్‌హెడ్ ప్రాప్, మధ్యలో హుకర్, కుడివైపు టైట్‌హెడ్ ప్రాప్. చొక్కాల మీద 1, 2, 3 అంకెలు.

రెండు పక్షాలూ ఎదురెదురుగా నిలబడి, ప్రతివారూ తమ తలను ఎదుటివారి తలకు ఎడమపక్కన దూరుస్తారు. దీనివల్ల లూస్‌హెడ్ తలకు ఎడమవైపు ఎవరూ ఉండరు. అతనికి ఎదుటి ఒత్తిడి కుడి భుజం మీదే పడుతుంది. టైట్‌హెడ్ సంగతి వేరు. అతని తల ఎదుటి లూస్‌హెడ్‌కూ హుకర్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. రెండు భుజాల మీదా ఒత్తిడి ఉంటుంది, వెనకనుంచి తన జట్టువారు తోసే బలం కూడా అతని వెన్ను గుండానే ముందుకు వెళ్ళాలి. ఒక భుజంతో తప్పించుకోవడం నేర్చిన శరీరానికి రెండు భుజాలతో తట్టుకోవడం ఒక్క రోజులో రాదు. పాదాలు పెట్టే కోణం, తుంటి ఎత్తు, కుడిచేత్తో ఎదుటివాని చొక్కాను పట్టే చోటు అన్నీ మారిపోతాయి. కుడిచేత్తో రాసేవాణ్ణి ఎడమచేత్తో పరీక్ష రాయమనడం లాంటిదే ఇది. కాకపోతే ఇక్కడ తప్పితే పోయేది మార్కులు కావు, మెడ.

ఆ బలం ఎంతటిదో ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొలతయంత్రం మీద జట్లచేత నెట్టించి లెక్కగట్టారు. రెండు వరుసలూ ఢీకొనే క్షణంలో గరిష్ఠ బలం జట్టు స్థాయినిబట్టి 8.7 నుంచి 16.5 కిలోన్యూటన్ల వరకు ఉంది. పైది అంతర్జాతీయ స్థాయి పురుషుల జట్లది, అంటే దాదాపు 1,700 కిలోల బరువు మీదపడ్డట్టు. ఢీకొన్న తరువాత నిలకడగా నెట్టే బలం కూడా ఆ స్థాయిలో ఎనిమిది కిలోన్యూటన్లు దాటింది. ఈ పరిశోధనల ఫలితంగానే 2013లో స్క్రమ్ కట్టే క్రమం మారింది. అంతకుముందు దూరంనుంచి దూకి ఢీకొనేవారు. ఇప్పుడు రిఫరీ మూడు మాటల్లో ఆజ్ఞ ఇస్తాడు: క్రౌచ్, బైండ్, సెట్. మొదట వంగాలి, తరువాత ఎదుటివాణ్ణి చేత్తో పట్టుకోవాలి, ఆ తరువాతే తాకాలి. దీనివల్ల ఢీకొనే బలం సుమారు 25 శాతం తగ్గిందని తేలింది. తగ్గిన తరువాత కూడా అది చిన్నదేమీ కాదు. పైగా దూకుడు తగ్గడంతో నిలకడగా నెట్టే నేర్పుకు విలువ పెరిగింది. ఆ నేర్పు వయసుతో వచ్చేది.

పంతొమ్మిదేళ్ళలోపు పిల్లల ఆటకు నియమావళిలో ప్రత్యేక నిబంధనలున్నాయి. వాటిలో ముఖ్యమైనది, ఏ జట్టూ స్క్రమ్‌ను ఒకటిన్నర మీటరుకు మించి ముందుకు నెట్టకూడదు. కావాలని చుట్టూ తిప్పకూడదు కూడా. ఎదిగే ఎముకలనూ మెడనూ కాపాడడానికి పెట్టిన కట్టుబాటు అది, పెట్టవలసినదే. అయితే దాని పర్యవసానం ఒకటుంది. పాఠశాల జట్టులో మేటి అనిపించుకున్న పద్దెనిమిదేళ్ళ ప్రాప్, ఎదుటి జట్టు తనను ఐదు మీటర్లు నెట్టుకుపోతుంటే ఏం చేయాలో ఒక్కసారి కూడా అనుభవించకుండానే పెద్దల ఆటలోకి వస్తాడు. పరుగు, పాస్, ట్యాకిల్ అన్నీ అతనికి వచ్చు. అతని వృత్తి నిలిచేది మాత్రం అతనికి రాని పనిమీద.

ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు ఎరిగినవారికి ఈ చిక్కు వెంటనే అర్థమవుతుంది. అక్కడ పళ్ళనుబట్టి విభాగాలు చేస్తారు: రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. గిత్త ఎదిగినకొద్దీ బండ బరువూ పెరుగుతుంది. రగ్బీ ముందువరుసలో అలాంటి మెట్లు సరిగా లేవు. పంతొమ్మిదేళ్ళ దాకా చిన్న బండ, ఆ మర్నాటి నుంచి పెద్ద బండ. మధ్య మెట్లు కట్టడమే వృత్తి క్లబ్బుల శిక్షణకేంద్రాలు చేయవలసిన పని. అది సరిగా జరగనప్పుడు ఏమవుతుందో చెప్పడానికి ఐర్లండ్ కథ పనికివస్తుంది.

2000 నుంచి 2011 వరకు ఐర్లండ్ టైట్‌హెడ్ స్థానం దాదాపు ఒకే మనిషిది: జాన్ హేయ్స్. అతను రగ్బీ మొదలుపెట్టిందే పద్దెనిమిదేళ్ళు దాటాక, అదీ రెండో వరుస ఆటగాడిగా. ప్రాప్‌గా మారింది ఆ తరువాత. 2010లో ఐర్లండ్ తరఫున వంద అంతర్జాతీయ ఆటలు పూర్తిచేసిన తొలి ఆటగాడయ్యాడు. ఓర్పుకు అతను మారుపేరు. అయితే ఒక స్థానంలో పదేళ్ళపాటు అలసిపోని మనిషి ఉండడం జట్టుకు వరమూ శాపమూ కూడా. వారసుణ్ణి తయారుచేయాల్సిన తొందర ఎవరికీ కలగలేదు. హేయ్స్ తరువాత ఆ చొక్కా వేసుకున్న మైక్ రాస్ సిక్స్ నేషన్స్‌లో మొదటిసారి ఆట ఆరంభించేటప్పటికి 2011, అతని వయసు ముప్ఫై ఒకటి. అతను పదును తేలింది కూడా ఇంగ్లండ్‌లో, హార్లెక్విన్స్ క్లబ్బులో.

2012 నాటికి ఐర్లండ్ ప్రాంతీయ జట్ల పరిస్థితి చూడండి. మన్‌స్టర్ టైట్‌హెడ్ దక్షిణాఫ్రికావాడు బీజే బోథా. అల్‌స్టర్ టైట్‌హెడ్ న్యూజీలాండ్ ప్రపంచకప్ విజేత జాన్ అఫోవా. లెన్‌స్టర్‌లో రాస్, అతని వెనక మరో న్యూజీలాండ్ ఆటగాడు నేథన్ వైట్. ప్రతి క్లబ్బూ తన లెక్కలో తాను సరైన పనే చేసింది. గెలవాలంటే తయారైన టైట్‌హెడ్ కావాలి, తయారైనవాడు బయట దొరుకుతున్నాడు. తలా ఒకరు తెలివిగా కొనుక్కోగా దేశానికి మిగిలింది ఒక్క మెడ. ట్వికెన్‌హామ్‌లో గాయపడింది అదే. ఆ రోజు అదనపు ఆటగాళ్ళు ఏడుగురే. వారిలో ముందువరుసకు ఒక హుకర్, రెండువైపులా సర్దుకోవలసిన ఒక ప్రాప్. కోర్ట్‌ను తప్పుపట్టినవారు ఈ లెక్కను మరిచిపోయారు.

ఆ తరువాత కొద్దికాలానికే అంతర్జాతీయ ఆటల్లో అదనపు ఆటగాళ్ళ సంఖ్య ఎనిమిదికి పెరిగింది. ఇరవై ముగ్గురి జట్టులో కనీసం ఆరుగురు ముందువరుసకు శిక్షణ పొందినవారై ఉండాలి. అంటే జట్టులో నాలుగో వంతు కన్నా ఎక్కువ. తగినవాళ్ళు మిగలకపోతే రిఫరీ నెట్టుడు లేని స్క్రమ్ ప్రకటిస్తాడు. భద్రత కోసం పెట్టిన ఈ నిబంధన యువ ప్రాప్‌లకు ఉద్యోగావకాశంగా మారింది. అంతకుముందు ఒక క్లబ్బు నలుగురైదుగురు ప్రాప్‌లతో ఏడాది గడిపేది, ఇప్పుడు ఎక్కువమందిని పోషించక తప్పదు.

టైగ్ ఫర్లాంగ్ ఈ కాలంలోనే పైకి వచ్చాడు. వెక్స్‌ఫర్డ్ ప్రాంతపు వ్యవసాయ కుటుంబంలో పుట్టి, న్యూ రాస్ అనే చిన్న పట్టణపు క్లబ్బులో ఆట నేర్చుకున్నాడు. లెన్‌స్టర్ తరఫున తొలి ఆట 2013లో, ఐర్లండ్ తరఫున 2015లో. 2016 నవంబరులో షికాగోలో ఐర్లండ్ న్యూజీలాండ్‌ను మొట్టమొదటిసారి ఓడించినప్పుడు ఆరంభం నుంచి ఆడిన టైట్‌హెడ్ అతనే. మరుసటి ఏడాది బ్రిటిష్ ఐరిష్ లయన్స్ మూడు టెస్టుల్లోనూ అతనిదే ఆ చొక్కా. చూడడానికి మెరుపు ఎదుగుదలే. కానీ ఇరవై ఏళ్ళలోపు జాతీయ జట్టులో ఆడినప్పటి నుంచి షికాగో దాకా నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళలో చాలాభాగం అతను లెన్‌స్టర్‌లో రాస్, మార్టీ మూర్‌ల వెనక మూడోవాడుగా వేచి ఉన్నాడు. ఆ వెనకబాటే అతని చదువు.

ఆ చదువులో ఏముంటుంది? మొదటిది మెడ. తల కదలకుండా నాలుగు దిక్కులా ఒత్తిడిని నిలువరించే వ్యాయామాలు నెలల తరబడి చేయిస్తారు. తరువాత భంగిమ: తుంటి కన్నా భుజాలు కిందికి పోకూడదు, వెన్ను బల్లలా చదునుగా ఉండాలి, చూపు నేలమీదికి జారకూడదు. ఒకరితో ఒకరు, ముగ్గురితో ముగ్గురు, యంత్రంమీద ఎనిమిదిమంది, అటుపైన నిజమైన ఎదుటి పక్షంతో. సాంకేతికంగా చెప్పదగినది ఇంతే, పుస్తకంలో రాస్తే నాలుగు పేజీలు రాదు. అసలు చదువు చెప్పలేనిది. ఎదుటివాడు లోపలికి కోసుకువస్తున్నాడా, కిందికి లాగుతున్నాడా, సమయం కన్నా ముందే నెడుతున్నాడా అన్నది చర్మానికి తెలియాలి. ఆలోచించేంత వ్యవధి ఉండదు.

అందుకే ముప్ఫై అయిదేళ్ళ పాత ప్రాప్ దొరికే చోటుకు కుర్రవాణ్ణి పంపడం మంచి శిక్షకుల అలవాటు. ఐర్లండ్‌లో శిక్షణకేంద్రపు పిల్లలు శనివారాల్లో ఆల్ ఐర్లండ్ లీగ్ క్లబ్బుల తరఫున ఆడతారు. ఫర్లాంగ్ కూడా డబ్లిన్‌లోని క్లాంటార్ఫ్ క్లబ్బుకు ఆడినవాడే. అక్కడ ఎదురయ్యేవాడు వారమంతా వేరే ఉద్యోగం చేసుకునే సాధారణ మనిషి కావచ్చు. పరుగులో కుర్రవాడి ముందు నిలవలేడు. స్క్రమ్‌లో మాత్రం వాణ్ణి మడతపెట్టి పంపగలడు. ఓడినందుకు జీతం పోని చోట ఓడనిస్తేనే ప్రాప్ ఎదుగుతాడు. వృత్తి క్లబ్బుకు ఇది కష్టమైన పెట్టుబడి. మూడేళ్ళు జీతమిచ్చి, ఆడించకుండా, ఓడిపోవడానికి బయటికి పంపాలి.

ఇంకో అడ్డంకి గురించి తక్కువగా మాట్లాడతారు. కూలిన స్క్రమ్‌లో తప్పెవరిదో రిఫరీకి తరచు ఖచ్చితంగా కనిపించదు. అనుభవమున్న ప్రాప్ తాను నిటారుగా ఉన్నట్టు, ఎదుటివాడే కుంగినట్టు కనిపించేలా నెడతాడు. పేరున్నవాడికి సందేహలాభం దక్కుతుంది, కొత్తవాడికి పెనాల్టీ పడుతుంది. రెండు పెనాల్టీలు పడితే శిక్షకుడు అతణ్ణి వెనక్కి పిలుస్తాడు. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు ఆ పావుగంటలో ఏం నేర్చుకున్నాడో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఆండ్రూ పోర్టర్ ఉదాహరణ మరో కోణం చూపిస్తుంది. 2016లో ఇరవై ఏళ్ళలోపు ప్రపంచపోటీ ఫైనల్ చేరిన ఐర్లండ్ జట్టులో అతను లూస్‌హెడ్. టైట్‌హెడ్‌ల కొరత కారణంగా అతణ్ణి కుడివైపుకు మార్చారు. 2017లో ఆ స్థానంలోనే దేశం తరఫున ఆడాడు. నాలుగేళ్ళు ఫర్లాంగ్‌కు తోడుగా ఆ పని చేశాక, 2021లో మళ్ళీ ఎడమవైపుకు వచ్చి అక్కడా మొదటివాడయ్యాడు. ఇలా రెండువైపులా ఆడగలవాళ్ళు అరుదు. దీన్ని విజయగాథగా చెప్పుకుంటారు కానీ, కొరత వల్ల జరిగిన మార్పును పద్ధతిగా భావించడం ప్రమాదం. అందరూ పోర్టర్‌లు కారు.

2019 ప్రపంచకప్ ఫైనల్‌లో ఇంగ్లండ్‌కు ఎదురైనదీ ఇలాంటిదే. టైట్‌హెడ్ కైల్ సింక్లర్ మూడో నిమిషంలోనే తలకు దెబ్బతగిలి వెళ్ళిపోయాడు. అనుభవంలో ఎవరికీ తీసిపోని డాన్ కోల్ మిగతా ఆటంతా ఒక్కడే మోశాడు. ఎదుట దక్షిణాఫ్రికా మొదట ఒక ముందువరుసను, అది అలసేలోపు అంతే బలమైన మరో ముందువరుసను దించింది. 32-12తో గెలిచింది. అప్పటి నుంచి ప్రతి పెద్ద జట్టూ రెండు పూర్తి ముందువరుసలు కావాలంటోంది. దానివల్ల యువకులకు ఆడే నిమిషాలు దొరుకుతున్నాయి. అయితే ఆ నిమిషాలు ఆట చివరి అరగంటలో, ఫలితం తేలే వేళ, ఎదుటి జట్టు తాజా బలం ముందు దొరుకుతున్నాయి.

ఐర్లండ్ ఈ పాఠాలన్నీ చదువుకున్న దేశమే. ఇరవై ఏళ్ళలోపు జట్టు 2019, 2022, 2023లలో సిక్స్ నేషన్స్‌లో అన్ని ఆటలూ గెలిచింది. అయినా 2024లో లెన్‌స్టర్ కుడివైపుకు ఫ్రాన్స్ నుంచి రబా స్లిమానీని తెచ్చుకుంది, అప్పటికి అతనికి ముప్ఫై నాలుగేళ్ళు. అదే ఏడాది నవంబరులో టామస్ క్లార్క్‌సన్ ఇరవై నాలుగేళ్ళ వయసులో టైట్‌హెడ్‌గా దేశం తరఫున తొలి ఆట ఆడాడు. పాత చేతిని కొనడం, కొత్త చేతిని నిలబెట్టడం ఒకే మైదానంలో పక్కపక్కనే సాగాయి. ఈ రెంటికీ వైరుధ్యం ఉండనక్కరలేదు. స్లిమానీవంటివాడితో వారానికి రెండుసార్లు తల కలిపి నెట్టే కుర్రవాడు, బెంచీమీద కూర్చునే కుర్రవాడి కన్నా అదృష్టవంతుడు.

2025 నవంబరు 22న డబ్లిన్‌లో దక్షిణాఫ్రికా 24-13తో ఐర్లండ్‌ను ఓడించింది. ఐర్లండ్ స్క్రమ్ మళ్ళీ వెనక్కి జరిగింది. లూస్‌హెడ్‌లు ఇద్దరికీ, అంటే ఎనిమిదేళ్ళకు పైబడిన అంతర్జాతీయ అనుభవమున్న పోర్టర్‌కూ, అతని బదులు దిగిన ఇరవై రెండేళ్ళ ప్యాడీ మెకార్తీకీ పసుపు కార్డులు పడ్డాయి. మెకార్తీ దేశం తరఫున తొలిసారి ఆడింది ఆ నెలలోనే.