యాక్టివ్ క్రాస్‌ఓవర్ అమరిక: విభజన స్థానం, దశ, విలంబం

శ్రవ్య పరిధి మొత్తాన్ని, అనగా 20 హెర్ట్జ్ నుండి 20,000 హెర్ట్జ్ వరకు గల ధ్వనులను, ఒకే స్పీకరు సమర్థంగా పలికించజాలదు. మంద్రధ్వనులకు ఎక్కువ గాలిని కదిలించే పెద్ద కోన్ కావాలి. హెచ్చు పౌనఃపున్యాలకు వేగంగా కంపించే తేలికైన డయాఫ్రం కావాలి. అందుచేత సంకేతాన్ని విడదీసి, ఏ భాగాన్ని ఆ స్పీకరుకు పంపే ఉపకరణమే క్రాస్‌ఓవర్. స్పీకరు పెట్టెలోనే కాయిళ్లు, కెపాసిటర్లతో పనిచేసేది పాసివ్ రకం. మిక్సర్‌కూ యాంప్లిఫయర్లకూ నడుమ ఉండి, ఒక్కొక్క భాగానికి వేరే యాంప్లిఫయర్‌ను కోరేది యాక్టివ్ రకం. సభలకు, నాటక ప్రదర్శనలకు వాడే పెద్ద వ్యవస్థలలో రెండవదే అనువైనది కనుక ఈ వ్యాసం దానికే పరిమితం.

15 అంగుళాల వూఫర్, హారన్‌కు బిగించిన కంప్రెషన్ డ్రైవర్ గల వ్యవస్థను ఉదాహరణగా తీసుకుందాం. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. కాబట్టి 1,000 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 34 సెంటీమీటర్లు. ఇది వూఫర్ వ్యాసానికి దగ్గరి కొలత. ఇక్కడి నుండి పైకి పోయేకొద్దీ వూఫర్ ధ్వని ముందుకే కేంద్రీకృతమై, పక్కన కూర్చున్నవారికి తగ్గుతుంది. విభజన స్థానాన్ని దించుదామంటే డ్రైవర్‌కు ఒక హద్దు ఉంది: దానికి దిగువన హారన్ డయాఫ్రంకు తగిన ఆధారం ఇవ్వదు, కదలిక మితిమీరి డయాఫ్రం చెడిపోతుంది. తయారీదారు పేర్కొన్న కనిష్ఠ పౌనఃపున్యాన్ని ఎట్టి పరిస్థితిలోనూ దాటరాదు. ఈ రెండు హద్దుల నడుమ 1,500 హెర్ట్జ్‌ను ఎంచుకున్నామనుకుందాం.

తెలుగు ప్రసంగానికి ఈ స్థానం కీలకం. అచ్చుల శక్తి అధికభాగం 1,000 హెర్ట్జ్‌కు దిగువన ఉంటుంది. స, శ, చ వంటి హల్లులను గుర్తుపట్టేది ప్రధానంగా 2,000 హెర్ట్జ్‌కు ఎగువనున్న శక్తి వల్ల. నడుమ లోపముంటే గొంతు వినబడుతుంది గాని మాట తెలియదు. అప్పుడు చాలామంది ఆపరేటర్లు వాల్యూం పెంచుతారు. దానివల్ల లోపం కూడా పెద్దదవుతుందే తప్ప తీరదు.

వాలు విషయంలో ఆక్టేవ్‌కు 24 డెసిబెల్ లింక్‌విట్జ్-రైలీ రకం ఎక్కువగా వాడుకలో ఉంది. సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ 1976లో ప్రతిపాదించిన ఈ పద్ధతిలో విభజన స్థానం వద్ద రెండు భాగాలూ 6 డెసిబెల్ చొప్పున తగ్గి, ఒకే దశలో ఉంటాయి. సగం, సగం కలిసి పూర్తి ఒత్తిడి ఏర్పడుతుంది. అదే వాలు గల బటర్‌వర్త్ రకంలో తగ్గుదల 3 డెసిబెల్ మాత్రమే కావడంతో ఆ స్థానం వద్ద 3 డెసిబెల్ ఉబ్బు వస్తుంది.

యాక్టివ్ అమరికలో యాంప్లిఫయర్‌కూ డ్రైవర్‌కూ మధ్య రక్షణగా ఏదీ ఉండదు. ఒక తీగ తారుమారై మంద్రభాగం డ్రైవర్‌కు చేరితే క్షణాల్లో నష్టం జరుగుతుంది. అందుకే మొదట యాంప్లిఫయర్ల గెయిన్లను పూర్తిగా తగ్గించి, మిక్సర్, క్రాస్‌ఓవర్, యాంప్లిఫయర్ అనే వరుసలో స్విచ్ వేయాలి. ఆపేటప్పుడు యాంప్లిఫయర్‌ను ముందు ఆపాలి. తరువాత పింక్ నాయిస్‌ను అతి తక్కువ మట్టంలో పంపి, ఒక్కొక్క భాగాన్ని విడిగా విని, ఏది ఎక్కడ పలుకుతున్నదో నిర్ధారించుకోవాలి.

మిగిలినది కాలం. హారన్ పొడవు వల్ల డ్రైవర్ డయాఫ్రం వూఫర్ కంటే 12 సెంటీమీటర్లు వెనుక ఉంటే, 1,500 హెర్ట్జ్ వద్ద అది దాదాపు సగం తరంగం. రెండు ధ్వనులు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. దీనికి వూఫర్‌ను సుమారు 0.35 మిల్లీసెకన్లు విలంబింపజేయాలి. టేపుతో కొలిచిన విలువ ఆరంభం మాత్రమే. కొలత మైకును శ్రోత స్థానంలో ఉంచి, ఒక భాగం ధ్రువతను తలకిందులు చేసి, 1,500 హెర్ట్జ్ స్వరం వినిపిస్తూ, శబ్దం అత్యంత క్షీణించే వరకు విలంబాన్ని స్వల్పంగా మార్చాలి. ఆరంభ విలువకు దూరంగా పోరాదు, ఒక పూర్తి తరంగం (0.67 మిల్లీసెకన్లు) తరువాత ఇలాంటి క్షీణతే మళ్లీ కనిపించి మోసగిస్తుంది. ఆపై ధ్రువతను యథాస్థితికి తేవాలి. ఇది మరచిపోవడమే తరచుగా జరిగే పొరపాటు. హారన్‌ను పెట్టె నుండి విడదీసి మరోచోట నిలిపినప్పుడల్లా ఈ పరీక్షను తిరిగి చేయవలసి ఉంటుంది.