ఉల్లివేరు కొసన ఒక లెక్క

బీజెడ్సీలో చేరావని వినగానే ఎదురింటావిడ “పాపం, నీట్‌లో సీటు రాలేదా?” అందిట కదా. అననీలే అమ్మడూ. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ కలిపి మూడేళ్లో నాలుగేళ్లో చదివితే ఏమొస్తుందో ఆవిడకి చెప్పడం నా వల్ల కాదు. నీకు మాత్రం ఒక్క ప్రాక్టికల్ గురించి చెబుతాను, విను. ఉల్లివేరులో కణవిభజన.

ఉల్లిపాయ అడుగున ఎండిపోయిన పాత వేళ్లను బ్లేడుతో గీకేసి, నిండు నీళ్ల గ్లాసు మూతి మీద అడుగు మాత్రం తడిసేలా కూర్చోబెట్టాలి. రెండు మూడు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. పొద్దున్నే వాటి కొసలు కత్తిరించి, మూడు పాళ్లు ఆల్కహాలు, ఒక పాలు అసిటిక్ యాసిడ్ కలిపిన ద్రవంలో వేస్తారు. కణాలు ఏ పనిలో ఉన్నవి ఆ పనిలోనే ఆగిపోతాయి. తర్వాత పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కాస్త వెచ్చజేస్తే, కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పెక్టిన్ వదులవుతుంది. ఎసిటోకార్మిన్ రంగు పట్టించాక చివరి రెండు మిల్లీమీటర్లు ఉంచుకుని మిగతాది పారెయ్యి. విభజన జరిగేది ఆ కొసలోనే. కవర్ స్లిప్ వేసి, పైన బ్లాటింగ్ పేపర్ పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. పెనం మీద పిండి తిప్పినట్టు తిప్పావో, కణాలన్నీ చుట్టుకుపోతాయి.

మైక్రోస్కోపులో చూస్తే ముందు నీరసం వస్తుంది. చాలా కణాలు గుండ్రటి కేంద్రకంతో ఊరికే కూర్చున్నట్టుంటాయి. ఓపిగ్గా స్లైడు జరుపుతూ పోతే ఒకచోట క్రోమోజోములు కణం మధ్యలో బారుతీరి కనబడతాయి, అది మధ్యదశ. ఇంకోచోట రెండు జట్లుగా విడిపోయి చెరోవైపు పోతుంటాయి, అది చలనదశ. ఉల్లికి మొత్తం 16 క్రోమోజోములు. బాగా పరుచుకున్న కణం దొరికిందా, పెన్సిల్ తీసి లెక్కపెట్టుకోవచ్చు.

నాకు చిరాకంతా ఆ పెన్సిల్ దగ్గరే. స్లైడులో 13 కనబడితే, సీనియర్ రికార్డు చూసి చక్కగా 16 గీసేస్తారు పిల్లలు. ఎక్స్‌టర్నల్ గారు సంతకం పెట్టేస్తారు. ఇది పిల్లల జబ్బే అనుకోకు, పెద్దవాళ్లకీ వచ్చింది. అమెరికాలో థియోఫిలస్ పెయింటర్ అనే శాస్త్రవేత్త మనిషి క్రోమోజోములు లెక్కపెట్టాడు. పలచగా కోసిన కణజాలంలో అవి ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. మొదట స్పష్టంగా ఉన్న కణాల్లో 46 అన్నవాడు, 1923 నాటికి 48 అని తేల్చాడు. పుస్తకాలు 48 అన్నాయి. తర్వాత చూసినవాళ్లకీ 48 కనబడుతూ వచ్చింది!

ఆ లెక్క సరిదిద్దినది ఎవరి ల్యాబ్‌లోననుకున్నావు? ఉల్లి మనిషి దగ్గరే. స్వీడన్‌లోని లుండ్‌లో ఆల్బర్ట్ లెవాన్ ఉల్లివేళ్ల మీద కాల్చిసిన్ ఏం చేస్తుందో 1930లలోనే చూసినవాడు. ఆ మందు విభజనను మధ్యదశలో ఆపేస్తుంది. జావాలో పుట్టిన జో హిన్ టియో 1955 డిసెంబరులో ఆ లుండ్ ల్యాబ్‌లోనే మనిషి ఊపిరితిత్తుల కణాలను పెంచి, ఉప్పు పలచబడ్డ ద్రవంలో ఉబ్బించి, కాల్చిసిన్‌తో ఆపి, స్లైడు మీద అదిమి చూశాడు. 46. మళ్లీ చూశాడు. 46. మరుసటి ఏడు ఇద్దరూ కలిసి అచ్చువేశారు. ముప్ఫై మూడేళ్లు బడుల్లో తప్పులెక్క చెప్పారన్నమాట.

రెండు క్రోమోజోముల తేడాకి ఇంత గొడవా అంటావేమో. 1959లో డౌన్ సిండ్రోమ్ పిల్లల కణాల్లో 47 ఉన్నట్టు పారిస్‌లో తేలింది, 21వ జతలో ఒకటి ఎక్కువ. మామూలు మనిషికి 48 అనే నమ్మకమే ఉండి ఉంటే, ఆ 47ని చూసి ఒకటి తక్కువనుకునేవాళ్లు!

అందుకని అమ్మడూ, నీకు 13 కనబడితే 13 గీయి. మిగతావి ఒకదాని కింద ఒకటి పడి ఉన్నట్టున్నాయని పక్కన రాయి. మార్కు కోస్తే కోయనీ. లెక్చరర్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకీ ఒక మనవి: ఆ మార్కు కోయకండి బాబూ.