ముప్పై మూడు పేజీల ఉత్తరం

"ఆటిజం మీద రాయండి. ముఖచిత్రానికి రంగురంగుల మెదడు స్కాన్ వేద్దాం. గురువారానికి కావాలి" అన్నారు ఎడిటర్‌గారు. సోమవారం ఆ బొమ్మల కోసమే బయల్దేరాను. బుధవారం రాత్రికి నా బల్ల మీద మిగిలింది మాత్రం 1938 నాటి ఒక తండ్రి ఉత్తరం తాలూకు ముక్కలు.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అని చిన్న ఊరు. బీమన్ ట్రిప్లెట్ అక్కడ లాయరు. అయిదేళ్ల కొడుకు డొనాల్డ్‌ను బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడికి చూపించబోతూ, ముందుగా 33 పేజీల టైపు ఉత్తరం పంపాడు. ఏడాది వయసులో పాటలు తప్పు లేకుండా పాడేవాడట. రెండు నిండకముందే ఊళ్లో చాలా ఇళ్లను గుర్తుపట్టేవాడు. ప్రెస్బిటేరియన్ మత ప్రశ్నోత్తరాల్లో పాతిక గడగడా అప్పజెప్పేవాడు. గిన్నెలూ మూకుళ్లూ గిరగిర తిప్పి, అవి తిరుగుతుంటే గంతులేసేవాడు. నిండు వేషంలో శాంతాక్లాజ్ ఎదురుగా నిలబడ్డా కన్నెత్తి చూడలేదు.

మాటల సంగతి ఇంకా వింత. నిద్ర లేచి మంచం దిగాలంటే, "డాన్, దిగుతావా?" అని తనను అడగమని తల్లికే పురమాయించేవాడు. ఆమె అడిగాక, "ఇప్పుడు సరే అను" అనేవాడు. భుజాల మీదికి ఎక్కాలంటే "ఊఁ" అనమని తండ్రి నేర్పాడు. దాంతో చాలాకాలం ఆ "ఊఁ"కు ఎత్తుకోమన్న అర్థం తప్ప ఇంకో అర్థం లేకపోయింది. పాలు అడగడానికి "పాలు కావాలా?" అనే పిల్లలున్న మన తల్లులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పదిలోంచి నాలుగు తీసేయమంటే డొనాల్డ్ జవాబు: షడ్భుజి గీస్తాను!

1943లో కానర్ డొనాల్డ్‌ను మొదటివాడిగా పెట్టి, 11 మంది పిల్లల గురించి వ్యాసం వేశాడు. ఆటిజం చరిత్రకు అదే మూలస్తంభం అంటారు. నాకు మింగుడుపడనిది అందులోనే ఉంది. పిల్లవాడు ఎన్ని ప్రశ్నలు అప్పజెప్పాడో ఏళ్ల తర్వాత కూడా లెక్కతో సహా చెప్పడం, ఇంత వివరంగా రాసిపెట్టుకోవడం తల్లిదండ్రుల చాదస్తానికి నిదర్శనమట! ఆ చాదస్తమే లేకపోతే డొనాల్డ్ గురించి ఆయన ఏం రాసేవాడు? అదే వ్యాసం చివర ఈ పిల్లలు పుట్టుకతోనే ఇంతేనని తేల్చాడు. కానీ జనం పట్టుకున్నది మొదటి మాటనే.

ముందువెనకల కథ పరుగున: కానర్ కంటే ముందే 1925లో సోవియట్ వైద్యురాలు గ్రున్యా సుఖరేవా ఇలాంటి ఆరుగురు అబ్బాయిల గురించి రాసింది, పట్టించుకున్నవారు తక్కువ. 1944లో వియన్నాలో ఆస్పెర్గర్ అనే వైద్యుడూ ఇలాంటి పిల్లల గురించే రాశాడు. 1967లో బెటెల్‌హైమ్ అనే రచయిత తప్పంతా తల్లులదే అన్నాడు. 1969లో కానర్ తల్లిదండ్రుల సభలో వాళ్లను నిర్దోషులన్నాడు. 1977లో కవలల అధ్యయనం జన్యువుల వైపు వేలు చూపింది.

ఇక ఎడిటర్‌గారి బొమ్మలు. ఆటిజం ఉన్నవారి మెదడులో దూరపు భాగాల మధ్య అనుసంధానం తక్కువ, పక్కపక్క భాగాల మధ్య ఎక్కువ అని మెదడు పనిచేసే తీరును చూపే ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ స్కాన్ల అధ్యయనాలు కొన్నేళ్లు చెప్పాయి. 2012లో సెయింట్ లూయిస్ పరిశోధకులు ఒక చిక్కు బయటపెట్టారు: స్కానర్‌లో తల పిసరంత కదిలినా అచ్చం ఇలాంటి తేడాయే కనిపిస్తుంది. చిన్నపిల్లలు ఆ గొట్టంలో కదలకుండా ఉంటారా? సిద్ధాంతం మొత్తం కొట్టుకుపోలేదు గానీ, రంగుల బొమ్మంటే నాకు అప్పట్నుంచీ అనుమానమే. 2017 నాటి ఒక అధ్యయనం మాత్రం నచ్చింది. తోబుట్టువుకు ఆటిజం ఉన్న పసివాళ్లను స్కాన్ చేస్తూ వచ్చారు. తర్వాత ఆటిజం తేలినవారిలో 6 నుంచి 12 నెలల మధ్య మెదడు పైపొర విస్తీర్ణం మరీ వేగంగా పెరిగింది. కానర్ 11 మందిలో అయిదుగురికి తల కాస్త పెద్దదని ఒక్క వాక్యం రాసి వదిలేశాడు. అయినా ఇవాళ్టికీ ఆటిజాన్ని నిర్ధారించే స్కాన్ గానీ రక్తపరీక్ష గానీ లేవు.

డొనాల్డ్ ఏమయ్యాడు? 1942 నుంచి కొన్నేళ్లు ఒక రైతు దంపతుల దగ్గర పెరిగాడు. ఎప్పుడూ కొలతల ధ్యాసే అని బావి తవ్వించి లోతు కొలవమన్నారు. మొక్కజొన్న సాళ్లు పదేపదే లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. కానర్ చూడబోయిన రోజున గుర్రాన్ని చక్కగా మళ్లిస్తూ ఆరు పొడవాటి సాళ్లు దున్నాడు. తర్వాత డిగ్రీ, సొంతూరి బ్యాంకులో ఉద్యోగం, గోల్ఫ్, దేశదేశాల ప్రయాణాలు. 2023లో, 89 ఏళ్ల వయసులో, కన్నుమూశాడు.

మన సికింద్రాబాద్ కొలబద్ద

మన దేశంలో ఆటిజం వైకల్య ధ్రువపత్రానికి వాడే 'ఇసా' కొలమానం తయారైంది సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 లోపు వస్తే ఆటిజం లేనట్టు, 153 దాటితే తీవ్రం. యంత్రం ఏదీ అక్కర్లేదు. పిల్లవాణ్ణి గమనించి, తల్లిదండ్రులను అడిగి వేస్తారు. నేను, నువ్వు తారుమారు కావడం ఆ 40లో ఒకటి. అసాధారణ జ్ఞాపకశక్తి ఇంకొకటి.