కణంలో కత్తెర తప్పితే...

సినిమా కోసం గంటలకొద్దీ షూటింగ్ చేస్తారు. థియేటర్‌కి వచ్చేది మాత్రం రెండున్నర గంటలే. మిగతాదంతా ఎడిటర్ కత్తెరకి బలి! సరిగ్గా అలాంటి ఎడిటింగ్ గది మన ఒంట్లో కేంద్రకం ఉన్న ప్రతి కణంలోనూ ఉంది.

ఏ ప్రొటీన్ ఎలా తయారుచేయాలో డీఎన్ఏలో రాసి ఉంటుంది. అది కేంద్రకం దాటి బయటికి రాదు. ప్రొటీన్లు తయారయ్యేదేమో బయట. అందుకే కావలసిన జన్యువుకి కణం ఓ నకలు తీస్తుంది. అదే మెసెంజర్ ఆర్ఎన్ఏ. కరోనా టీకాల పుణ్యమా అని ఈ పేరు ఇంటింటికీ తెలిసింది.

ఆ నకలు ఉన్నదున్నట్టుగా బయటికి వెళ్తుందనే 1977 దాకా అనుకునేవారు. ఆ ఏడాది అమెరికాలో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్‌ల బృందాలు వేర్వేరుగా ఓ వింత చూశాయి. జలుబు తెప్పించే అడినోవైరస్ ఆర్ఎన్ఏని దాని డీఎన్ఏతో జతచేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే... డీఎన్ఏ అక్కడక్కడా ఉంగరాల్లా పైకి లేచి ఉంది. అంటే ఆ ముక్కలకు జోడీ ఆర్ఎన్ఏలో లేదు. ఎవరో కత్తిరించేశారు! ఈ పరిశోధనకే 1993లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

తీసేసే ముక్కలు ఇంట్రాన్లు, ఉంచేవి ఎక్సాన్లు. కత్తిరించి అతికించే యంత్రాంగం పేరు స్ప్లైసియోజోమ్. నకలు పాడవకుండా ముందో టోపీ, వెనక సుమారు 200 'ఏ' అక్షరాల తోక కూడా తగిలిస్తుంది కణం. కండరాలకు అవసరమైన డిస్ట్రోఫిన్ జన్యువునే చూడండి. అది 20 లక్షల అక్షరాలకు పైమాటే. నకలు తీయడానికే సుమారు 16 గంటలు పడుతుంది. కత్తిరింపులన్నీ అయ్యాక మిగిలేది 14 వేల అక్షరాలు!

మరి కత్తెర తప్పు చోట పడితే? బీటా తలసీమియా ఉన్న చాలామంది పిల్లల కథ అదే. హిమోగ్లోబిన్‌కి కావలసిన బీటా గ్లోబిన్ జన్యువులో ఉన్నవి రెండే ఇంట్రాన్లు. మొదటిదానిలో అయిదో అక్షరం 'జి'కి బదులు 'సి' ఉండటం మనదేశంలో ఎక్కువగా కనిపించే లోపం. విచిత్రమేంటంటే ఆ అక్షరం ఎలాగూ కత్తిరించి పారేసేదే, ప్రొటీన్‌లోకి వెళ్లేది కాదు. కానీ కత్తెరకి అదే ఆనవాలు. అది చెరిగితే ఎడిటర్ మరోచోట కోసేస్తాడు. అమ్మానాన్నలిద్దరి నుంచీ లోపమున్న జన్యువే వస్తే ఆ చిన్నారికి రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే.

కత్తెరని దారిలో పెట్టే మందులూ వచ్చాయి. వెన్నెముకలోని నాడీకణాలు దెబ్బతిని కండరాలు క్షీణించే ఎస్ఎంఏ వ్యాధిలో ఎస్ఎంఎన్1 జన్యువు పనిచేయదు. దానికి జిరాక్స్ కాపీలాంటి ఎస్ఎంఎన్2 ఉన్నా, ఒక్క అక్షరం తేడావల్ల ఏడో ఎక్సాన్ చాలాసార్లు కత్తెరపాలవుతుంది. ఏడ్రియన్ క్రైనర్ బృందం చేసిందల్లా 'ఇది తీసెయ్' అనే గుర్తు మీద స్టిక్కర్ అంటించడం లాంటిది. అలా పుట్టిన నుసినెర్సెన్‌కి అమెరికా 2016 డిసెంబరులో అనుమతిచ్చింది. మెడ నిలపలేని పసివాళ్లలో కొందరు ఆ ఇంజెక్షన్లతో లేచి కూర్చోగలిగారు. ధర వింటే మాత్రం గుండె గుభేల్! విడుదలైనప్పుడు మొదటి ఏడాదికే ఏడున్నర లక్షల డాలర్లు.

నిజానికి ఈ కిటుకుని 1993లోనే తలసీమియా ఆర్ఎన్ఏ మీద ప్రయోగశాలలో వాడి చూశారు. కత్తిరింపు సరిగానే జరిగింది. కానీ ఆ మందు పిల్లల దాకా రాలేదు. ముందే తెలుసుకునే వీలు మాత్రం ఉంది. హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్షతో భార్యాభర్తలు తలసీమియా వాహకులో కాదో తేలుతుంది. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. గర్భం దాల్చిన తొలి నెలల్లోనే బిడ్డకూ పరీక్ష చేయించుకోవచ్చు.