మినహాయింపులో మిగిలిన ఊరు: దమ్మపేట

పడమట సత్తుపల్లి మైదానము, తూర్పున అశ్వారావుపేట, ఉత్తరమున ములకలపల్లి అడవులు. వీటి నడుమ ఉన్నది దమ్మపేట. పేరు వినగానే రైతుబిడ్డకు దమ్ము చేసిన మడి స్ఫురిస్తుంది. అది స్ఫురణయే గాని చరిత్ర కాదు. చరిత్రకు ఆనవాలు ఆ పేరు చివరనున్న 'పేట'లో ఉన్నది. పేట అనగా అంగడి గల చోటు. అడవి మనిషి తాను తెచ్చినది అమ్ముకొని, ఉప్పో బట్టో కొనుక్కొని, పొద్దుగూకక ముందే తిరుగుముఖము పట్టే చోటు.

ఈ ఊరి స్వభావమును తెలిసికొనుటకు శిలాశాసనములు వెదకనక్కరలేదు. 1950లో షెడ్యూల్డు ప్రాంతములను నిర్ణయించుచు వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులోని ఒక్క వాక్యము చాలును. నాటి వరంగల్లు జిల్లాలోని పాల్వంచ తాలూకా గ్రామములను షెడ్యూలులో చేర్చుచు, ఆ ఉత్తర్వు ఆరింటిని మాత్రము మినహాయించినది: పాల్వంచ, బూర్గంపాడు, అశ్వారావుపేట, దమ్మపేట, కుక్కునూరు, నెల్లిపాక. చుట్టునున్న పల్లెలు గిరిజన ప్రాంతమైనవి. నడుమనున్న పేట మామూలు ఊరుగా మిగిలినది. సముద్రములో దీవి వంటి ఊరు! ఆ నాడు కాగితముపై గీచిన గీత నేటికీ ఇక్కడి పొలము గట్లపై కనబడుతూనే ఉన్నది.

అంతకు ముందు గీతలు లేవని కాదు. ఈ నేల పాల్వంచ సంస్థానములోనిది, నైజాము ఏలుబడిలోనిది. 1860లో గోదావరి ఎడమగట్టు భూములు, భద్రాచలముతో సహా, ఆంగ్లేయుల చేతికి పోయినవి. కుడిగట్టు వైపున్న దమ్మపేట నవాబు క్రిందనే ఉండిపోయినది. రాముని దర్శనమునకు పోయే భక్తునికి ఏరు దాటితే దొర మారేవాడు, రూపాయి మారేది. హాలీ సిక్కా ఆవలి గట్టున చెల్లదు. పిమ్మట జిల్లాల పేర్లు మారుతూ వచ్చినవి. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడినది, 2016లో దమ్మపేట భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. పొరుగుననే ఉన్న సత్తుపల్లి ఖమ్మములోనే నిలిచినది. ఆ ఆరింటిలోని కుక్కునూరైతే పోలవరము నిమిత్తము 2014లో ఆంధ్రప్రదేశ్‌కే పోయినది.

పేర్లు మారితే ఊరికేమి? మారనిది భూమి తగవు. కోయలు ఈ అడవికి పాత కాపులు. వేసవి మొదట్లో తెల్లవారకముందే లేచి, రాత్రి రాలిన ఇప్పపూలు ఏరుకొంటారు. ఆ వెనుక తునికాకు కోత. వానాకాలపు తొలినాళ్లలో 'విజ్జ పండుం', అనగా విత్తనాల పండుగ, చేయనిదే నేలలో గింజ వేయని సంప్రదాయము వారిది. కృష్ణా, గోదావరి మండలముల నుండి వచ్చిన రైతులకు కాలువ నీటి సేద్యము తెలుసు, అప్పు తెలుసు, కాగితము విలువ మరీ బాగా తెలుసు. ఇరువురూ కష్టజీవులే. అయితే ఒకనికి భూమి తాతల నాటి అలవాటు, రెండవవానికి అది దస్తావేజు. రెండు భాషలు ఎదురుపడిన చోట ఓడినది ఎవరో చెప్పనక్కరలేదు.

అందుకే చట్టము వచ్చినది. 1959 నాటి ఒకటవ నిబంధనను 1963లో తెలంగాణా గిరిజన ప్రాంతములకు విస్తరించినారు. 1970లో దానిని మరింత బిగించినారు. ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో భూమి ఉన్నచో, ఆధారము చూపువరకు అది గిరిజనుని నుండి వచ్చినదేనని భావించవలెనన్నారు. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు కూడ బదిలీయే. మినహాయింపు పొందిన పేటలో మాత్రము ఈ అడ్డు లేదు. ఒకే త్రోవలో నాలుగడుగులు వేసేసరికి మట్టి రంగు మారదు, చట్టము మారుతుంది. చట్టము బిగిసిన కొలది నోటిమాట కౌళ్లు పెరుగుట ఏజెన్సీలో ఎరిగిన సంగతే. నోటిమాటకు సాక్షి ఉండడు. నష్టపోయినవాడే దానికి సాక్షి.

ఈ నేలలోనికి ఇప్పుడొక క్రొత్త చెట్టు వచ్చినది: పశ్చిమాఫ్రికా వాసియైన ఆయిల్‌పామ్. ఎకరమునకు సుమారు 57 మొక్కలు, మూడునాలుగేండ్లకు కాపు, ఇరువది అయిదు ముప్పది ఏండ్ల ఆయుర్దాయము. నీడపట్టున కోకో కూడ పండుతుంది. గెల కోసిన పిమ్మట ఒకటి రెండు దినములలో మిల్లు చేరకపోతే నూనె చెడుతుంది. అందుకే మిల్లు ఉన్న చోటనే తోట నిలుస్తుంది. అశ్వారావుపేటలో ఒకటి, దమ్మపేట మండలములోనే అప్పారావుపేటలో మరొకటి ప్రభుత్వ సమాఖ్య మిల్లులున్నవి. ఈ తోటలు ఎందరికో నిలకడైన బ్రతుకు నిచ్చినవి. ఆ మాట కాదనరాదు.

కాని వరి అయితే ఏటేటా లెక్క తేలుతుంది. ఈ యేడు ఇచ్చిన కౌలు వచ్చే యేడు మానుకొనవచ్చును. ముప్పదేండ్ల చెట్టు నాటిన తరువాత ఆ అవకాశమెక్కడిది? చెట్టు వేళ్లూనిన కొలది పొలముపై వేసినవాని హక్కు వేళ్లూనినట్లు తోస్తుంది. పట్టాదారు మనుమడు పెద్దవాడైననాటికి అది తన తాత పొలమని నిరూపించుకొనవలసిన స్థితి వస్తుంది. తన పట్టా భూమిలో తానే తోట వేసికొన్న కోయ రైతుకు ఈ చిక్కు లేదు. అట్టివారికి మొదటి మూడేండ్లు, కాపు రాని ఆ మూడేండ్లు, గడచుటయే గండము.

మొక్క కూడ ఇంటి గాదె నుండి రాదు. మొలక విదేశముల నుండి దిగి, నర్సరీలో పెరిగి వస్తుంది. విజ్జ పండుమునాడు మాత్రము పూజారి ముందుకు చేరవలసినది ఇంటింటి విత్తనమే.